నౌరూ నుంచి నల్లమల దాకా

"పైసలిస్తం గదా, ఇంకేం గావాలె?"

గిరిజనుల భూమి దగ్గరికి ఎవరొచ్చినా చివరికి అనే మాట ఇదే. ప్రాజెక్టులు కట్టినవాళ్ళు ఇదే అన్నారు. పులుల కోసం అడవి ఖాళీ చెయ్యమనేవాళ్ళు ఇదే అంటున్నారు. నల్లమలలో యురేనియం వెతుకుతామన్నవాళ్ళూ ఇదే అన్నారు. యాదగిరిగుట్ట చుట్టూ ప్లాట్లు చేసి అమ్మేవాళ్ళు రోజూ ఇదే అంటున్నారు. అధికారి నోట్లో అది 'పరిహారం', కంపెనీ కాగితంలో 'ప్యాకేజీ', బ్రోకర్ నోట్లో 'రేటు'. పేర్లు మూడు, మాట ఒక్కటే: నీ నేలకు ఒక ధర ఉంది, అది చెల్లిస్తే ఆ నేలతో నీకు సంబంధం తీరిపోయింది.

మనవాళ్ళు కూడా చాలాసార్లు ఆ భాషలోనే జవాబిస్తున్నారు. "మీరిచ్చేది తక్కువ, ఎక్కువ ఇవ్వండి" అంటున్నారు. ఎకరానికి ఇంత కాదు అంత, ఇంటికొక ఉద్యోగం, ఖనిజంలో వాటా, మా పంచాయతీ మాకే. ఇవన్నీ న్యాయమైన కోరికలే. ఏ తండా, ఏ పెంట ఇవి అడిగినా నేను వాళ్ళ పక్కనే నిలబడతాను. కానీ ఒక ప్రశ్న మనల్ని మనం వేసుకోవాలి. ఇవన్నీ నిజంగా ఇచ్చేస్తే ఏమవుతుంది? పూర్తి రాయల్టీ, పూర్తి అధికారం, సొంత ప్రభుత్వం, సొంత జెండా, అన్నీ చేతికొస్తే?

దీనికి జవాబు ఊహించుకోనక్కరలేదు. అలా అన్నీ దక్కిన ఒక చిన్న జాతి ఈ భూమ్మీద ఉంది. పసిఫిక్ సముద్రంలో నౌరూ అనే దీవి వాళ్ళది. పసిఫిక్ అంటే మన తెలుగువాళ్ళకు ఫిజీ గుర్తొస్తుంది, చెరుకు తోటల కూలికి పోయిన మనవాళ్ళు గుర్తొస్తారు. నౌరూ పేరు మాత్రం పిల్లల పుస్తకాల్లో కనిపించదు. బడిపంతులుగా నాకు అనిపించేది, గిరిజన పిల్లలకు చెప్పాల్సిన మొదటి భూగోళ పాఠం ఇదేనని.

నౌరూ మొత్తం 21 చదరపు కిలోమీటర్లు. దీవి చుట్టూ ఉన్న రోడ్డు సుమారు 19 కిలోమీటర్లు. మన గుట్ట నుంచి భువనగిరి పోయి వచ్చే దూరం కూడా కాదు. జనం పన్నెండు వేల చుట్టూ ఉంటారు. మొదటి నుంచీ పన్నెండు తెగలు. ఇప్పటికీ వాళ్ళ జెండా మీది నక్షత్రానికి పన్నెండు మొనలు, తెగకు ఒకటి చొప్పున. కొబ్బరి, మొగలి జాతి కాయలు, సముద్రంలో చేప, దీవి మధ్యలోని బువాడ మడుగులో పెంచుకునే చేప, ఇదే వాళ్ళ బతుకు. భూమి కుటుంబాలది. వాగు లేదు, నది లేదు, వానే దిక్కు. కరువొస్తే కష్టపడ్డారు, అయినా వేల ఏళ్ళు బతికారు.

1888లో జర్మనీ వచ్చి ఈ దీవి నాదంది. దీవిలో ఏముందో అప్పటికి జర్మనీకి తెలియదు. సిడ్నీలో ఒక వ్యాపార కంపెనీ ఆఫీసులో తలుపు మూసుకుపోకుండా ఒక రాయి అడ్డం పెట్టేవారు. అది నౌరూ నుంచి తెచ్చిన రాయి. రాయిగా మారిన కర్ర అనుకున్నారు. 1899లో ఆల్బర్ట్ ఎల్లిస్ అనే ఉద్యోగికి అనుమానం వచ్చి పరీక్ష చేయించాడు. మేలు రకం ఫాస్ఫేట్ అని తేలింది. ఎరువుకు మూలపదార్థం అది. అంతే, దీవి కథ మారిపోయింది. 1906లో తవ్వకం మొదలైంది. భూమి హక్కుదారులకు టన్నుకు అర పెన్నీ ఇచ్చారు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1914లో ఆస్ట్రేలియా సైన్యం దిగింది. 1919లో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మూడూ కూర్చుని ఒప్పందం రాసుకుని, బ్రిటిష్ ఫాస్ఫేట్ కమిషనర్స్ అనే సంస్థ పెట్టుకున్నాయి. ఆ ఒప్పందంలో నౌరూ మనిషి సంతకం లేదు. తవ్విన ఫాస్ఫేట్‌ను ప్రపంచ మార్కెట్ ధరకు కాకుండా, తవ్విన ఖర్చుకే తమ రైతులకు అమ్ముకున్నారు. ఆస్ట్రేలియా గోధుమ చేలు, న్యూజిలాండ్ పచ్చిక బయళ్ళు ఆ ఎరువుతో పచ్చబడ్డాయి. ఒక చిన్న దీవి నేల తీసి రెండు దేశాల పొలాల్లో చల్లారన్నమాట. దీన్నే వాళ్ళ పాఠ్యపుస్తకాల్లో వ్యవసాయ ప్రగతి అని రాసుకుని ఉంటారు.

ఆ రోజుల్లో అంటురోగాలకు నౌరూ జనం రాలిపోయారు. జాతి మిగలాలంటే కనీసం 1,500 మంది ఉండాలని లెక్కగట్టుకున్నారు. 1932 అక్టోబర్ 26న ఒక బిడ్డ పుట్టి ఆ లెక్క నిండింది. దాన్ని 'అంగం' అన్నారు, పండుగ చేసుకున్నారు. ఇప్పటికీ ఏటా అది వాళ్ళ పండుగే. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. జపాన్ సైన్యం దీవిని పట్టుకుని 1,200 మందిని ట్రక్ దీవులకు కూలికి తోలింది. 1946 జనవరి 31న తిరిగి వచ్చింది 737 మంది. మళ్ళీ 1,500 అయ్యేసరికి 1949 వచ్చింది. ఒక జాతి తన తలకాయలు తాను లెక్కపెట్టుకుంటూ, ఒక్కో పురుడికీ ఎదురుచూస్తూ బతకడమంటే ఏమిటో చెంచు పెంటల్లో తిరిగినవాళ్ళకు నేను వివరించనక్కరలేదు.

1960లలో ఆస్ట్రేలియా ఒక 'ప్యాకేజీ' తెచ్చింది. మీ దీవి తవ్వేశాం, ఇక పనికిరాదు, మా తీరంలో కర్టిస్ అనే దీవి ఇస్తాం, అక్కడికి వచ్చి ఉండండి అంది. అక్కడ నౌరూవాళ్ళకు సొంత దేశంగా ఉండే హక్కు ఉండదు. వాళ్ళు కాదన్నారు. పక్కనున్న బనాబా దీవి వాళ్ళకు ఏం జరిగిందో వాళ్ళు చూశారు. అదే ఫాస్ఫేట్, అదే సంస్థ. 1945 డిసెంబర్‌లో బనాబా జనాన్ని ఓడలెక్కించి ఫిజీలోని రాబి దీవిలో దింపారు. ఆ రాబి దీవిని కొన్నది ఎవరి డబ్బుతో? బనాబావాళ్ళ ఫాస్ఫేట్ డబ్బుతోనే. వాళ్ళ నేల అమ్మగా వచ్చిన పైసలతోనే వాళ్ళను నేల మీంచి లేపారు.

నౌరూ కదల్లేదు. హామర్ డిరోబర్ట్ నాయకత్వంలో స్వాతంత్ర్యం అడిగింది, తెచ్చుకుంది. యుద్ధం నుంచి తమవాళ్ళు తిరిగొచ్చిన తేదీనే ఎంచుకుని 1968 జనవరి 31న స్వతంత్ర దేశమైంది. గనుల యంత్రాలు, ఆస్తులు 2.1 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు కట్టి కొనుక్కుంది. 1970 నుంచి ఫాస్ఫేట్ మొత్తం తమదే.

ఇక్కడ ఆగి మన కోరికల జాబితా తీసి పక్కన పెట్టుకోండి. ఖనిజం మీద హక్కు కావాలి: వాళ్ళకు దక్కింది. సొంత ప్రభుత్వం కావాలి: అప్పట్లో 18 మంది సభ్యుల పార్లమెంటు, అందులోంచే అధ్యక్షుడు, అందరూ వాళ్ళ తెగలవాళ్ళే. భవిష్యత్తు కోసం నిధి కావాలి: రాయల్టీల ట్రస్టు పెట్టుకున్నారు. ఉచిత వైద్యం, ఉచిత చదువు ఉన్నాయి. అప్పట్లో ఆదాయపు పన్ను లేదు. 1970లలో తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే పైవరుసలో నిలిచారు. గని పనికి పక్క దీవుల నుంచి, చైనా నుంచి కూలీలు వచ్చారు. ఏ గిరిజన నాయకుడు కలగన్నా ఇంతకంటే ఎక్కువ కలగనలేడు.

మరి తర్వాత? ఫాస్ఫేట్ అయిపోయింది. 1990లకే అడుగంటింది. ట్రస్టు డబ్బు మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల భవనం మీద, విమానాల కంపెనీ మీద, 1993లో లండన్‌లో వేసిన ఒక సంగీత నాటకం మీద పోయింది. నాటకం ఆడలేదు. సలహాదారులమని వచ్చినవాళ్ళు తిన్నంత తిన్నారు. 2004లో అప్పులు తీర్చడానికి ఆ భవనం అమ్మారు. 2005 చివర్లో ఉన్న ఒక్క విమానాన్నీ అప్పులవాళ్ళు పట్టుకుపోయారు. నడుమ కొన్నాళ్ళు దొంగ డబ్బు దాచుకునే పేరుకు మాత్రపు బ్యాంకులకు లైసెన్సులు అమ్ముకున్నారు. 2001లో ఆస్ట్రేలియా తన తీరానికి పడవల్లో వచ్చిన శరణార్థులను తీసుకొచ్చి నౌరూలో పెట్టింది, ఆ శిబిరానికి అద్దె కట్టింది. ఒకప్పుడు నేల తవ్వుకుపోయిన దేశమే ఇప్పుడు తనకు అక్కర్లేని మనుషుల్ని ఆ గుంతల పక్కన దించింది.

దీవిలో సుమారు 80 శాతం నేల తవ్వబడింది. మధ్య భాగమంతా మట్టి పోయి, మనిషికంటే ఎత్తయిన సున్నపురాతి మొనలు దంతాల్లా నిలబడి ఉన్నాయి. నాగలి పెట్టలేరు, ఇల్లు కట్టలేరు. జనమంతా తీరం వెంట ఉన్న సన్నని పట్టీలో ఉంటారు. పంట లేదు కాబట్టి తిండి ఓడలో రావాలి: పాలిష్ బియ్యం, డబ్బా మాంసం, చక్కెర నీళ్ళు. చేప తిని, కొబ్బరి తిని కష్టం చేసిన ఒళ్ళు డబ్బా తిండికి వచ్చింది. చక్కెర వ్యాధి ప్రపంచంలో అతి ఎక్కువగా ఉన్న దేశాల్లో నౌరూ ఒకటి. నేల పోవడమంటే పటంలో ఒక ముక్క పోవడం కాదు, కడుపులోకి పోయే ముద్ద మారిపోవడం.

ఈ కథ చెప్తే వెంటనే ఒక మాట వినిపిస్తుంది. "వాళ్ళకు డబ్బు వాడుకోవడం రాలేదు, తిని కూర్చున్నారు, సోమరులు." మనకు ఈ మాట కొత్త కాదు. పరిహారం ఇచ్చిన ప్రతి చోటా చెప్పేదిదే: "వీళ్ళకెంతిచ్చినా తాగేస్తరు." తప్పులు జరిగాయి, ఒప్పుకుంటాను. నౌరూ నాయకులు దుబారా చేశారు. ఆ నాయకులు పరాయివాళ్ళు కాదు, సొంతవాళ్ళే. మనవాడు కుర్చీలో కూర్చుంటే చాలు అనుకునేవాళ్ళకు అదీ ఒక పాఠమే. కానీ ఆ సోమరులన్న మాటలో మోసం ఉంది. అది ప్రశ్నను పక్కదారి పట్టిస్తుంది. మొదటి అరవై ఏళ్ళకు పైగా తవ్వింది ఎవరు? తవ్విన గుంతలు పూడ్చకుండా పోయింది ఎవరు? 1989లో నౌరూ ఇదే అడుగుతూ అంతర్జాతీయ న్యాయస్థానంలో ఆస్ట్రేలియా మీద కేసు వేసింది. 1993లో ఆస్ట్రేలియా కేసు బయటే సర్దుబాటు చేసుకుని 10.7 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. ఒక చిన్న జాతి పెద్ద రాజ్యాన్ని కోర్టుకు లాగి డబ్బు కక్కించడం తక్కువ సంగతి కాదు. దానికి చప్పట్లు కొడతాను. కానీ ఆ పైసలతో నేల తిరిగి వచ్చిందా? రాలేదు. మొనలు అట్లనే ఉన్నాయి.

ఇంకో సంగతి. నౌరూవాళ్ళు ప్రతి పైసా పొదుపుగా వాడి ఉంటే ఏమయ్యేది? బ్యాంకులో డబ్బు ఉండేది. ఆస్ట్రేలియాలో ఇళ్ళు కొనుక్కుని ఉండేవారు. అప్పుడు నౌరూ జాతి ఏ నేల మీద ఉండేది? పొదుపు చేసిన నౌరూ కూడా నేల లేని నౌరూనే. ఇదీ నేను చెప్పదలచుకున్న మాట. పరిహారం తక్కువైతే అన్యాయం. పరిహారం ఎక్కువైతే కూడా నేల పోతుంది. గీసి గీసి బేరమాడినా, ఆడకపోయినా, బేరం జరిగిందంటేనే ఒక వైపు నేల లేదు.

ఇప్పుడు నౌరూ పరిస్థితి ఏమిటి? సముద్రం పెరుగుతోంది. తీరం పట్టీలో ఉన్న జనం ఎత్తుకు మారాలి. ఎత్తున ఉన్నదంతా తవ్వేసిన రాళ్ళే. ఆ రాళ్ళను చదును చేసి ఇళ్ళు కట్టడానికి డబ్బు కావాలి. ఆ డబ్బు కోసం 2025లో పౌరసత్వం అమ్మకానికి పెట్టారు. అప్పట్లో కనీసం 1,05,000 అమెరికా డాలర్లు కడితే నౌరూ పాస్‌పోర్టు. సముద్రం అడుగున ఖనిజం తవ్వే కంపెనీకి కూడా నౌరూయే పూచీ నిలిచింది. మొదట నేల అమ్మారు, తర్వాత నేల మీద పరాయి శిబిరానికి చోటు అమ్మారు, ఇప్పుడు జాతి పేరు అమ్ముతున్నారు. ఇది వాళ్ళను ఎగతాళి చెయ్యడానికి చెప్పడం లేదు. నేల ఒక్కటి పోతే ఆ తర్వాత ఏదీ అమ్మకుండా మిగుల్చుకోలేమని చెప్తున్నాను.

నల్లమలకు వద్దాం.

2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ పులుల అడవిలో యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 83 చదరపు కిలోమీటర్లు, సుమారు 4,000 బోర్లు. 83 అంటే నౌరూ లాంటివి నాలుగు దీవులు. ఆ అడవిలో చెంచులున్నారు. ఇప్ప పువ్వు, తేనె, గడ్డలు, జిగురు వాళ్ళ బతుకు. బోరు అంటే పొలంలో వేసే బోరు కాదు. యంత్రం పోవాలంటే దారి కావాలి, దారి కావాలంటే చెట్టు పోవాలి. పులుల కోసమని చెంచులను లోపలి పెంటల నుంచి బయటకు రమ్మంటున్న అడవిలోనే ఇదంతా. గొడ్డు మేపితే పులికి ఇబ్బంది, వేల బోర్లు వేస్తే ఇబ్బంది లేదు!

ఇది మొదటిసారి కూడా కాదు. అంతకుముందు నల్గొండలో లంబాపూర్, పెద్దగట్టు. నాగార్జునసాగర్ జలాశయం పక్కనే యురేనియం గనులు తవ్వుతామన్నారు. 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే తండాల జనం వద్దని గట్టిగా చెప్పారు. గని రాలేదు. యురేనియం కార్పొరేషన్ కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వకం మొదలుపెట్టింది. వ్యర్థాల చెరువు వల్ల బోర్ల నీళ్ళు చెడిపోయాయని, పంటలు పోయాయని ఆ చుట్టుపక్కల ఊళ్ళ రైతులు మొర పెట్టుకుంటూనే ఉన్నారు. జార్ఖండ్ జాదూగూడలో 1967 నుంచి తవ్వుతున్నారు. అదీ ఆదివాసీల నేలే. యురేనియం ఎక్కడ దొరికినా మన ఇంటి కిందే దొరకడం విచిత్రం కాదు. ఎవరి ఇంటి కింద తవ్వితే అడిగేవాడు ఉండడో అక్కడ తవ్వుతారు.

2019 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకం వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. మంచిదే. కానీ ఆ గెలుపు ఎలా వచ్చిందో మరిచిపోవద్దు. చెంచులు ఒక్కరే అరిచినంత కాలం అది వార్త కాలేదు. కృష్ణ నీళ్ళు విషమైతే హైదరాబాద్ తాగేదేమిటని పట్నం ఉలిక్కిపడ్డాకే సినిమావాళ్ళు, పత్రికలు, పార్టీలు కదిలాయి. లంబాపూర్ పోరాటంలోనూ సాగర్ నీళ్ళే పెద్ద వాదన అయింది. మద్దతిచ్చిన ప్రతి ఒక్కరికీ దండం. కానీ నేను అడుగుతాను: ఆ అడవి నుంచి పట్నానికి నీళ్ళు పోకపోతే? కింద చెంచులు మాత్రమే ఉండి ఉంటే? అప్పుడు తీర్మానం అయ్యేదా? నల్గొండ పల్లెలు దశాబ్దాలు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంకర పోగొట్టుకుంటే పట్నం ఎంతకు ఉలిక్కిపడింది?

పైగా తీర్మానం చట్టం కాదు. అణుఖనిజం కేంద్రం చేతిలో ఉంటుంది. 2013 భూసేకరణ చట్టం గిరిజన గ్రామసభను అడగాలని చెప్పింది. అదే చట్టం నాలుగో షెడ్యూల్‌లో 1962 అణుశక్తి చట్టాన్ని పక్కన పెట్టి, దానికి ఇది వర్తించదంది. తర్వాత పరిహారం, పునరావాసం భాగాలను మాత్రం దానికీ వర్తింపజేశారు. అంటే అణుశక్తి చట్టం కింద నేల తీసుకుంటే డబ్బు లెక్క ఉంటుంది, నిన్ను అడగడం ఉండదు. "పైసలిస్తం గదా" అన్న మాటను ఇంత నిజాయితీగా చట్టంలో రాసుకున్నారు!

1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఐదో షెడ్యూల్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవంది. గొప్ప తీర్పు. కానీ ప్రభుత్వ సంస్థలకు దారి వదిలింది. యురేనియం తవ్వేది ప్రభుత్వ సంస్థే. ఇక ఐదో షెడ్యూల్ సంగతి. పాత మహబూబ్‌నగర్‌లో అమ్రాబాద్ పట్టీకి అది ఉంది. నల్గొండకు అసలే లేదు. దేవరకొండ, చందంపేట వైపు తండాలు నిండా ఉన్నా లేదు. కాబట్టి అక్కడ గిరిజనేతరులకు భూమి బదలాయింపును ఆపే 1/70 లేదు. పెసా లేదు. లంబాడా, ఆదివాసీ పంచాయితీ మనలో ఎంతున్నా ఉండనీ, అది మనం మనం కూర్చుని తేల్చుకుందాం. బోరు యంత్రం మాత్రం ఎవరిది ఏ తెగ అని అడగదు.

యురేనియం దూరపు సంగతి అనుకునేవాళ్ళు గుట్ట దగ్గరికి రండి. గుట్ట మీద దేవుడు నరసింహస్వామి, చెంచులక్ష్మిని చేసుకున్న చెంచుల అల్లుడు. దేవుడికే పిల్లనిచ్చిన జాతి మనది. 2022 మార్చి 28న కొత్త రాతిగుడి తెరుచుకుంది. గుడి బాగుంది, నేనూ దండం పెట్టుకున్నాను. కానీ గుడి పెరుగుతున్నకొద్దీ చుట్టూ నేలను ఎకరాల్లో లెక్కపెట్టడం పోయి గజాల్లో లెక్కపెట్టడం వచ్చింది. జొన్న చేలల్లో రంగు రాళ్ళు మొలిచాయి, వాటి మీద జెండాలు ఎగిరాయి. 1977 చట్టం ప్రకారం అమ్మకూడని అసైన్డ్ భూములు కూడా తెల్లకాగితం మీద చేతులు మారాయి. అమ్మినవాడు కారు కొన్నాడు, స్లాబు ఇల్లు కట్టాడు, బిడ్డ పెళ్ళి ఘనంగా చేశాడు. కొన్నేళ్ళకు కారు పోయింది. ఇప్పుడు తాను అమ్మిన భూమిలో వేసిన వెంచర్‌కే కాపలా కాస్తున్నాడు. ఇలాంటి మనిషి పేరు నేను చెప్పను. గుట్ట చుట్టుపక్కల ఉన్నవాళ్ళకు ఒక పేరు కాదు, నాలుగు పేర్లు గుర్తొస్తాయి. ఏ గనీ తవ్వకుండానే మన దగ్గర తయారైన చిన్న చిన్న నౌరూలు ఇవి.

తండాలు గ్రామ పంచాయతీలైనాయని 2018లో సంబరం చేసుకున్నాం. "మా తండాలో మా రాజ్యం" అన్నాం. సంబరం సబబే, అది పోరాడి తెచ్చుకున్నది. కానీ నౌరూకు పార్లమెంటే ఉంది. సర్పంచి కుర్చీ కింద నేల లేకపోతే ఆ సర్పంచి ఏ ఊరికి సర్పంచి?

"మరి దేశానికి కరెంటు వద్దా?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. మన దేశపు కరెంటులో అణుకరెంటు వాటా సుమారు 3 శాతం. దాని కోసం ఒక జాతి మొత్తం నేల ఇవ్వాలా అన్నది చెంచులతో మాట్లాడి తేల్చాల్సిన విషయం, చెంచులను లేపేశాక చెప్పాల్సిన విషయం కాదు. దేశం కోసం త్యాగం చెయ్యమని ప్రతిసారీ ఒకే ఇంటి తలుపు కొట్టేవాడిని ఏమనాలి? ఆస్ట్రేలియా రైతుకు ఎరువు కావాలన్నదీ నిజమైన అవసరమే. ఆ అవసరం తీరింది, నౌరూ తీరిపోయింది.

మరి ధర కాదంటే ఏమడగాలి? మేఘాలయ వైపు చూడండి. డొమియాసియాట్‌లో యురేనియం దొరికింది. స్పెలిటి లింగ్డో లాంగ్రిన్ అనే ఖాసీ ముసలమ్మ తన భూమిని లీజుకివ్వమంటే, కోట్లు చూపించినా ఇవ్వనంది. 2020లో చనిపోయేదాకా ఆ మాట మీదే ఉంది. ఆమె మొండితనం గొప్పది, కానీ ఆమె వెనక ఒక బలం ఉంది. అక్కడ ఆరో షెడ్యూల్ ఉంది, భూమి మీద తెగకు, వంశానికి హక్కు ఉంది. "ఇవ్వను" అంటే ఆ మాటకు విలువ ఉంది. మన దగ్గర చెంచు ముసలమ్మ అదే మాట అంటే, "అడవి నీదెక్కడిది?" అని అడుగుతారు.

కాబట్టి మన కోరికల జాబితా తిరగరాద్దాం. మొదటి కోరిక రేటు కాదు, 'ఇవ్వను' అనే హక్కు. నల్గొండ గిరిజన ఊళ్ళను ఐదో షెడ్యూల్‌లో చేర్చాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద చెంచు పెంటలకు ఉమ్మడి హక్కు పత్రాలు పూర్తిగా ఇవ్వాలి. అణుఖనిజమైనా సరే, గ్రామసభ ఒప్పుకోకుండా ఒక్క బోరూ దిగకూడదని చట్టంలోనే రాయాలి. ఇవి సాధించాక కావాలంటే రేట్ల గురించి మాట్లాడుకుందాం. ముందు రేటు మాట్లాడినవాడు నేలను అప్పటికే అమ్మేసినట్టు లెక్క.

ఇంకో పని మన చేతిలోదే. ఈ చిన్న పుస్తకం చదివిన ప్రతి టీచరు పిల్లల ముందు ప్రపంచ పటం పరిచినప్పుడు, ఆస్ట్రేలియాకు ఈశాన్యంగా, భూమధ్యరేఖకు కాస్త కింద వేలు పెట్టండి. పటంలో చుక్క కూడా ఉండకపోవచ్చు. అక్కడొక దీవి ఉందని, అక్కడివాళ్ళకు అడిగినన్ని పైసలు వచ్చాయని చెప్పండి. ఆ తర్వాత ఏమైందో చెప్పండి. ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్ళ వాకిట్లోకి ఒకడు సంచి పట్టుకుని వచ్చి, "పైసలిస్తం గదా, ఇంకేం గావాలె?" అంటాడు. అప్పుడు వాళ్ళు తడుముకోకుండా, "నేల గావాలె" అనాలి.